మా మిద్దె మీది కనకాంబరాలు: పోయిన జూలై నుంచి ఈ జూన్ దాకా

పోయిన జూలైలో మా అమ్మవాళ్ళ ఊరి నుంచి ఎండిన కనకాంబరం వెన్నులు (పూల కంకులు) గుప్పెడు తెచ్చుకున్నాను. కాయల్ని చేత్తో ఒలవనక్కర్లేదు. పళ్ళెంలో పోసి నీళ్ళు చిలకరించి పైన గుడ్డ కప్పితే చాలు, కాసేపటికే టప్ టప్ మని పగులుతాయి. గుడ్డ కప్పకపోతే గింజలు ఎగిరి ఏ మూలనో పడతాయి. కాయకు నాలుగు గింజలు. నర్సరీల్లో దొరికే ఢిల్లీ కనకాంబరానికి గింజ పట్టదు, కొమ్మ కత్తిరించి నాటుకోవాలి.

ఇరవై రోజులకు మొలిచాయి. సెప్టెంబరులో తొమ్మిది మొక్కల్ని కుండీల్లోకి మార్చాను. ఎర్రమట్టి రెండు పాళ్ళు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు, కుండీకి గుప్పెడు వేపపిండి. మట్టి చాలక మూడు కుండీలకు పాత వంకాయ చెట్ల మట్టే వేసేశాను. చేయకూడని పని అది.

మన తిరుపతిలో గట్టి వానలు నవంబరులోనే కదా. కుండీలన్నీ ఇటుకల మీదికెత్తాను, నీళ్ళు నిలవలేదు, ఒక్క మొక్కా కుళ్ళలేదు. డిసెంబరులో తొలి వెన్ను వచ్చింది.

జనవరిలో లేతాకులు పసుపు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. అది ఇనుము లోపం. మా బోరు నీళ్ళు బిందెకు తెల్లగా పొర కట్టే రకం, అలాంటి నీళ్ళతో మట్టిలో ఇనుమున్నా వేరుకు అందదు. లీటరు నీళ్ళకు 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఉప్పు, ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట, వారం తేడాతో రెండుసార్లు ఆకుల మీద కొట్టాను. కొత్త చిగురు పచ్చగా వచ్చింది.

ఫిబ్రవరిలో దెబ్బ తగిలింది. ఆ వంకాయ మట్టి కుండీల్లో ఒక మొక్క మట్టి తడిగా ఉన్నా మధ్యాహ్నానికి వాడిపోతోంది. నీళ్ళు ఎక్కువయ్యాయేమో అనుకుని రెండు రోజులు ఆపాను, అయినా అంతే. పెరికి వేళ్ళు కడిగి చూస్తే పూసలు గుచ్చినట్టు బుడిపెలు. వేరుశనగ వేరు బుడిపెలైతే గోటితో గీరితే ఊడొస్తాయి. ఇవి వేరే ఉబ్బి అయినవి, ఊడవు. నులిపురుగు! అంటే మట్టిలో ఉండి వేళ్ళలో చేరే, కంటికి కనపడనంత చిన్న పురుగు. వంగ, టమాటా పెంచిన మట్టిలో ఇది మిగిలిపోతుంది. మిగతా రెండు కుండీల్లోనూ ఉంది. మూడు మొక్కల్నీ కాల్చేశాను. చేత్తో పెంచినవి, చాలా బాధేసింది.

ఏప్రిల్, మే ఎండల్లో, ఆ వేడికి నులిపురుగు చావాలని, ఆ మట్టిని తడిపి పలచగా పరిచి, ప్లాస్టిక్ పట్ట కప్పి అంచులకు రాళ్ళు పెట్టాను. మిగిలిన ఆరింటికీ పైన షేడ్ నెట్ కట్టి, ఉదయం, సాయంత్రం నీళ్ళు పోశాను. వెన్నులో పూలు కింది నుంచి పైకి విచ్చుకుంటాయి, రెండు రోజులకోసారి కోస్తే సరిపోతుంది. పూలైపోయిన వెన్నును వెంటనే తుంచేస్తే పక్కన కొత్తది వస్తుంది.

గంగ జాతరకు మూరెడు మాల కట్టాను. వాసన లేని పువ్వు కాబట్టి మధ్య మధ్యలో మరువం. మరుసటి వారం మా ఆడబిడ్డకు ఇవ్వబోతే, "వద్దు వదినా, ఇప్పుడు కొండకే పోతున్నాం, అక్కడ పూలు పెట్టుకోకూడదు కదా" అంది. నిజమే, కొండ మీద పూలన్నీ స్వామివే. ఆ మాల మా దేవుడి పటానికే వేశాను.

ఈ వారం పట్ట తీసి, ఆ మట్టిలో వేపపిండి కలిపి బంతి నారు పెట్టాను. నులిపురుగును బంతి వేరు తగ్గిస్తుంది. కనకాంబరం అందులో వచ్చే ఏడాదే. గింజ కోసం నాలుగు వెన్నులు తుంచకుండా వదిలాను, కాయలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.