పెట్ స్కాన్ బాగున్నా మెదడుకు ఎమ్మారై ఎందుకు: థైమిక్ కార్సినోమాతో నా అనుభవం

ఛాతీ ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథిలో మా అన్నయ్యకు గడ్డ వచ్చింది. మొదట చేసిన ఎఫ్‌ఎన్‌ఏసీ ఏమీ తేల్చలేదు. సన్న సూదికి వచ్చే నాలుగు కణాలు ఈ గడ్డకు చాలవు. లావు సూదితో చేసే ట్రూకట్ బయాప్సీతో ముక్క తీసి ఐహెచ్‌సీ (కణాల్లోని ప్రొటీన్లకు రంగు పట్టించి గుర్తించే పరీక్ష) చేస్తే సీడీ5, సీడీ117 అనే ప్రొటీన్లు పాజిటివ్ వచ్చాయి, థైమిక్ కార్సినోమా, అంటే థైమస్ క్యాన్సర్ అని ఖాయమైంది. ఆ ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులు అడిగి తీసుకోండి. సెకండ్ ఒపీనియన్‌కు రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు.

కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు 21 రోజులకోసారి ఎక్కించారు. నాలుగో సైకిల్ తర్వాత అన్నయ్య చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు. పాక్లిటాక్సెల్‌తో తిమ్మిర్లు వస్తాయని తెలుసు, అదే అనుకుని పది రోజులు ఊరుకున్నాం. పొరపాటు అక్కడే జరిగింది. మందు తిమ్మిరి రెండు చేతులకీ, రెండు పాదాలకీ వస్తుంది. అన్నయ్య ఎడమ చెయ్యి బాగానే ఉంది, కుడి చెయ్యే గుండీని కాజా దాకా తెచ్చి జారవిడిచేది. పొద్దున లేవగానే తలనొప్పి, వాంతి. ఒక పక్కే బలం తగ్గితే అది మెదడు సంగతి కావచ్చు, ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.

పెట్ స్కాన్ బాగుంది కదా అన్నది మా ధైర్యం. అందులో ఎక్కించేది గ్లూకోజ్ లాంటి మందు. మెదడు మామూలుగానే గ్లూకోజ్‌ను బాగా లాగేస్తుంది కాబట్టి అంతా వెలుగుతూ ఉంటుంది, చిన్న మచ్చ అందులో కలిసిపోతుంది. పైగా చాలాసార్లు పుర్రె అడుగు నుంచి తొడల దాకే తీస్తారు. కాంట్రాస్ట్ (మచ్చలు తేటగా కనపడేలా నరంలోకి ఎక్కించే మందు) ఇచ్చి తీసిన ఎమ్మారైలో మెదడుకు పాకిన క్యాన్సర్ మచ్చలు రెండు కనిపించాయి, పెద్దది 1.8 సెంటీమీటర్లు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు వెంట తీసుకెళ్తే కాంట్రాస్ట్ దగ్గర ఆలస్యం కాదు.

తర్వాత ఇచ్చిన డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మచ్చల చుట్టూ మెదడు వాపును తగ్గిస్తుంది, గడ్డను కాదు. పొద్దున, మధ్యాహ్నం తిన్నాక ఇచ్చాం. రాత్రి వేస్తే నిద్ర పట్టదు. షుగర్ చూస్తూ ఉండాలి, సొంతంగా ఒక్కసారే ఆపకూడదు.

రేడియోసర్జరీకి (కోత లేకుండా మచ్చ మీదకే గురిపెట్టి రేడియేషన్ ఇవ్వడానికి) ముందు తల కదలకుండా మాస్క్ చేస్తారు. వేడినీళ్లలో మెత్తబడ్డ ప్లాస్టిక్ వలను ముఖం మీద పరిచి నొక్కితే కాసేపట్లో గట్టిపడుతుంది. ఆ తర్వాత గడ్డం, జుట్టు మార్చకూడదు. డెక్సా ఎక్కువ రోజులైతే ముఖం ఉబ్బి మాస్క్ పట్టదు, మళ్లీ చేయాల్సి వస్తుంది. ప్లానింగ్‌కు పాత ఎమ్మారై పనికిరాదు, మచ్చ సైజు మారిపోయి ఉంటుంది. ఒక్క సిట్టింగ్‌లో 2 సెంటీమీటర్ల లోపు మచ్చకు 24 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) దాకా ఇవ్వగలరు, 3 సెంటీమీటర్లు దాటితే 15 గ్రే దగ్గరే ఆగాలి. చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవాలనేది అందుకే.

తర్వాత రెండు మూడు నెలలకోసారి ఎమ్మారై. ఏడో నెలలో పెద్ద మచ్చ మళ్లీ పెరిగినట్టు కనపడింది. రేడియేషన్‌కు చచ్చిన కణజాలం కూడా ఎమ్మారైలో గడ్డలాగే వెలుగుతుంది. రక్తప్రసరణ చూపే పర్ఫ్యూజన్ ఎమ్మారై తీస్తే అక్కడ అది తక్కువగా ఉంది, గడ్డ కాదు, నెక్రోసిస్ (చచ్చిన కణజాలం) అన్నారు. పాత స్కాన్ల సీడీలన్నీ తారీఖుల వారీగా దాచి ఉండబట్టే పక్కపక్కన పెట్టి పోల్చగలిగారు.