పాలేడికెల్లి వస్తయ్ సారూ?

గొర్రెల సంతాన సామర్థ్యం మీద ఇన్నేళ్లు పనిచేసి నిన్న రిటైరయ్యాను. సెండాఫ్‌లో అందరూ నా పేపర్ల గురించే మాట్లాడారు. నాకు మాత్రం ఒక కురుమ పెద్దాయన గుర్తొచ్చాడు.

మన దక్కనీ గొర్రె ఈతకు మామూలుగా ఒక్క పిల్లనే ఈనుతుంది. సుందర్‌బన్స్ గారోల్ గొర్రె దీనికంటే చాలా చిన్నది, కానీ ఫెక్‌బీ జన్యువు పుణ్యమా అని రెండు, ఒక్కోసారి మూడు. ఆ జన్యువునే మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో దక్కనీలోకి తెచ్చి నారి సువర్ణ అనే కొత్త రకం గొర్రెను తయారుచేశారు. ఇదంతా నేను హుషారుగా చెబుతుంటే, ఆయన ఒక గొర్రె పొదుగు పట్టి చూపించాడు.

"రెండు పిల్లలు మంచిదే. మరి పాలేడికెల్లి వస్తయ్ సారూ?"

అప్పటిదాకా నా నోట్‌బుక్‌లో పుట్టిన పిల్లల లెక్కే ఉండేది. ఆ సాయంత్రం మూడు నెలలకు బతికున్న పిల్లల కోసం ఇంకో గడి గీశాను.