మామ్మగారి పొయ్యి

నిద్ర పట్టట్లేదు. ఇక్కడ కక్కేస్తే పడుతుందేమో.

వెనక వాటా మామ్మగారు రేషన్ బియ్యం అమ్మేసుకుంటున్నారు. పొద్దున కళ్ళారా చూశాను. సైకిలబ్బాయి 5 కిలోలూ సంచిలో పోసుకుని 60 రూపాయలు చేతిలో పెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మొన్న ఆ బియ్యం కోసం ఎంత తిరిగాం! 65 దాటినవాళ్ళకి ఇంటికే తెచ్చివ్వాలి కదా, మా డీలరు రాడు. ఆటోలో నేనే తీసుకెళ్ళా. జన్మంతా అంట్లు తోమిన వేళ్ళాయె, ముద్ర పడదు. తుడుచుకోమంటాడు, ఇంకో వేలు పెట్టమంటాడు, రేపు రమ్మంటాడు. కళ్ళతో కూడా తీసుకోవచ్చటగా అంటే ఆ మిషను పనిచెయ్యట్లేదన్నాడు. నా సెలవు గంగలో కలిసింది. ఇదంతా 60 రూపాయలకా?

సాయంత్రం సొరకాయ పప్పు పట్టుకెళ్ళా. పప్పు వంక మాత్రమే, వెళ్ళింది దులిపేద్దామనే.

"ఇప్పుడే తిన్నానమ్మా."

ఆ మాట వినగానే నాయనమ్మ గుర్తొచ్చింది. నాన్నా బాబాయిలూ ఆవిణ్ణి నెలకొకరు వంతులేసుకున్నారు. నెలకి 30 రోజులని లెక్క. 31వ తేదీ ఎవరిదీ కాదు. పిన్ని "నిన్నటితో మా వంతు అయిపోయింది" అనేది, అమ్మ "మా వంతు రేపట్నించి కదా" అనేది. నాయనమ్మ ఆ రోజు అరుగు మీద సంచీ పక్కన పెట్టుకుని "ఇవాళ ఏకాదశే, నాకొద్దు" అనేది. ఏడాదికి ఏడు 31లు. ఏడుసార్లూ ఏకాదశే! అమ్మని అడిగితే ఇప్పటికీ ఒప్పుకోదు.

పొయ్యిలో పిల్లి లేవలేదంటారు చూడండి, మామ్మగారి గ్యాస్ పొయ్యి మీద పేపరు పరిచి బీపీ, సుగరు మాత్రలు సర్దుకున్నారు. గట్టు మీద పావుకిలో కందిపప్పు పొట్లం, చిన్న నూనె ప్యాకెట్టు. పొద్దుటి 60 అవే.

"పాత బియ్యం ఇంకా ఉన్నాయే. ఉత్తన్నం ఎన్నాళ్ళు తింటాను?"

దులపడానికి నోరు రాలేదు. పెన్షన్ 4,000 ఒకటో తారీఖున ఇంటికే తెచ్చిస్తారు, నిజమే. అందులో మందులు పోను, కరెంటు పోను, అద్దె 1,500. అది ఎవరి చేతికొస్తుందో మీకు చెప్పక్కర్లేదు. మా అత్తగారితో ఎత్తితే "పైవాళ్ళు రెండువేలు ఇస్తామన్నారు తెలుసా" అంటారు. ఎత్తలేదు.

అయినా కోపం పూర్తిగా పోలేదు. ఒక్క మాట అడగొచ్చుగా!

పప్పు గిన్నె అక్కడే పెట్టి వచ్చేశా. ఇందాక కడిగి తెచ్చిచ్చారు, ఖాళీగా ఇవ్వకూడదని నాలుగు కరివేపాకు రెబ్బలు వేసి. ఆ కరివేపాకు మా చెట్టుదే.