పాత అచ్చు, కొత్త ఫాంటు, ఎవరి పేరు?

పాత సీసపు అక్షరాలను స్కాన్ చేసి ఫాంటుగా మార్చడం తప్పా అని చిక్కడపల్లిలో మా డీటీపీ షాపుకొచ్చే కుర్రాళ్లు అడుగుతుంటారు. తప్పు కాదు. ఎవరి చేతిపనో చెప్పకుండా మనదే అనుకోనిస్తే మాత్రం తప్పే.

అబిడ్స్ ఆదివారం పుస్తకాల సంతలో దొరికిన ఒక పాత శతకం అక్షరాల మీద ఇప్పుడు పనిచేస్తున్నాను. అందులో ‘ద్ధ’ కింద ఒత్తు ఉబ్బి కనిపిస్తుంది. అది అక్షరం చెక్కినాయన ఇచ్చిన మందమా, నాసిరకం కాగితం మీద సిరా పాకడమా? వేర్వేరు పేజీల్లోని అదే అక్షరాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే గానీ తేలదు. చెక్కినాయన పేరు పుస్తకంలో ఎక్కడా లేదు, ప్రెస్సు పేరే ఉంది. అది నన్ను కలవరపెడుతుంది.

చట్టం సంగతి వేరు. అమెరికాలో అక్షరాల ఆకారానికి కాపీరైట్ లేదు, ఫాంటు ఫైలుకు ఉంటుంది. పేరు ట్రేడ్‌మార్కు కిందికొస్తుంది. అందుకే పలటినోను పోలిన ఫాంటు బుక్ ఆంటిక్వా పేరుతో వచ్చింది, అదీ పలటినో గీసిన హెర్మన్ జాఫ్ బతికుండగానే! ఇక 1561లో పోయిన, ఫ్రాన్సులో అచ్చు అక్షరాలు చెక్కిన గారమండ్ పేరుతో చలామణీ అయిన అక్షరాలు కొన్ని ఆ తర్వాత అక్కడే అక్షరాలు చెక్కిన జానన్‌వని 1926లో అచ్చు చరిత్ర పరిశోధకురాలు బియాట్రిస్ వార్డ్ బయటపెట్టింది.

నా ఫాంటుకు ఆ ప్రెస్సు పేరు పెట్టను. వారసులుంటే వెతికి అడుగుతాను. ఫైలు వివరాల్లో పుస్తకం, ప్రెస్సు పేర్లు రాస్తాను, పుస్తకంలో దొరక్క నేను ఊహించి గీసిన అక్షరాలేవో కూడా.