చదివి పెట్టడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు

నిన్న సాయంత్రం, చూపు లేని పిల్లల కోసం నేను చదివి రికార్డు చేస్తున్న పదో తరగతి జీవశాస్త్రం ఆఖరి పాఠం కూడా మెమరీ కార్డులో వేసి బడిలో ఇచ్చి వచ్చాను. ఇప్పుడే కూర్చుని రాసేస్తున్నాను. కొన్నాళ్లు పోతే కోపం చల్లారుతుంది, అసలు చెప్పాల్సింది చెప్పకుండానే అంతా బాగా జరిగిందని రాసి ఊరుకుంటాను.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మా ఇల్లు విశాఖలో ఎన్‌ఏడీ కొత్త రోడ్డు దగ్గర. మా బ్రాంచిలో నాతో పనిచేసిన ఒక తమ్ముడికి పుట్టుకతోనే చూపు లేదు. ఎన్‌వీడీఏ అని కంప్యూటర్లో ఉన్నది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంది. చూపు లేని ఆస్ట్రేలియా కుర్రాడు మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టింది, పూర్తిగా ఉచితం. దాన్ని చెవిలో పెట్టుకుని ఆ అబ్బాయి మా అందరికన్నా వేగంగా ఖాతాలు చూసేవాడు. చూపు లేని పిల్లలకీ, డిస్లెక్సియా వల్ల అక్షరాలు పట్టుబడని పిల్లలకీ పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసే కొద్దిమంది ఉన్నారు, మీరూ రండక్కా అని పిలిచింది అతనే. ఒక పేజీ చదివి వాట్సాప్‌లో పంపమన్నారు. పంపాను. మర్నాడే పుస్తకం చేతిలో పెట్టారు.

దీనికి స్టూడియో ఏమీ అక్కర్లేదు. ల్యాప్‌టాప్, కాలర్ మైకు, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. గది తలుపు మూసి, బీరువా తలుపులు బార్లా తెరిచి, బట్టలకి ఎదురుగా కూర్చుని చదివితే గొంతు గోడలకి కొట్టి తిరిగి రాదు. కష్టమంతా ఉక్కపోతతోనే. మన విశాఖలో మే నెలలో ఫ్యాన్ ఆపి కూర్చుంటే అయిదు నిమిషాల్లో ఒళ్లంతా తడిసిపోతుంది. ఫ్యాన్ వేస్తే హోరు. పైన విమానాలు. అందుకే తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, కింద పోర్షన్ వాళ్లు మోటారు వేసేలోపు చదువుకునేదాన్ని.

చదివే పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. కథ చెప్పినట్టు రాగాలు తీయకూడదు. ప్రతి పేజీ మొదట్లో పేజీ నంబరు చెప్పాలి. క్లాసులో టీచరు "అరవై నాలుగో పేజీ తీయండి" అంటే ఈ పిల్ల కూడా అందరితోపాటు అక్కడికి చేరాలి కదా. పాఠంలో లేని మాట మనం చెప్పాల్సి వస్తే ముందు "చదివేవారి గమనిక" అని, అయిపోయాక "గమనిక పూర్తయింది" అని చెప్పాలి, లేకపోతే మన మాటే పుస్తకంలో మాట అనుకుని పరీక్షలో రాసేస్తారు. లెక్కలయితే మరీ జాగ్రత్త. "ఎ ప్లస్ బి బై రెండు" అని గబగబా చదివేస్తే రెండుతో భాగించాల్సింది బి ఒక్కదాన్నా, ఎ, బి రెండూ కలిపిన మొత్తాన్నా? వినేవాళ్లకి తెలీదు. "బ్రాకెట్ మొదలు, ఎ ప్లస్ బి, బ్రాకెట్ పూర్తి, బై రెండు" అని చదవాలి. విసుగనిపించినా అలాగే చదవాలి.

బొమ్మల దగ్గరే అసలు పని. "పటం చూడండి" అని ఉంటే ఆ ముక్క చదివేసి దాటిపోయేవాళ్లున్నారు. అది దగా. గుండె బొమ్మకి నాకు ఒక ఉదయమంతా పట్టింది. కాగితం మీద ఎడమ పక్కన కనిపించేది గుండె కుడి భాగం. ఎదుటి మనిషి గుండెని మనం చూస్తున్నట్టు గీస్తారు కాబట్టి. చూపు లేని పిల్లకి కాగితం లెక్క ఎందుకు? అందుకని ఇలా చెప్పాను: "నీ గుండె మీద చెయ్యి పెట్టుకో. నీ కుడి చేతి వైపు పైగది కుడి కర్ణిక, దాని కిందిది కుడి జఠరిక. రెండిటి మధ్యా ఒక తలుపు, మూడు రేకులది, పేరు అగ్రత్రయ కవాటం. ఎడమ వైపూ అలాగే పైగది, కిందిగది. అక్కడి తలుపుకి రెండే రేకులు, అగ్రద్వయ కవాటం. ఎడమ కిందిగది గోడ అన్నిటికన్నా మందం, ఎందుకంటే ఒళ్లంతటికీ రక్తం తోసేది అదే." రికార్డింగ్ విన్న పాప ఒకతె, మా గుంపులో ఒకామె అక్క కూతురు, "ఆంటీ, మా క్లాసులో చూపున్న వాళ్లకి నేను చెప్పాను గుండె ఎలా ఉంటుందో" అంది. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

ఇక ఆఫీసు సంగతి.

పుస్తకం సగం అయ్యాక, రికార్డింగులు పిల్లలకి ఇవ్వడం గురించి ఒక బడికి వెళ్లి హెడ్మాస్టారితో మాట్లాడాం. ఆయన మంచాయనే, కానీ భయస్తుడు. "గవర్నమెంటు పుస్తకం కదమ్మా, రేపెవరైనా అడిగితే నేనేం చెప్పను? పర్మిషన్ లెటర్ ఒకటి తెచ్చేయండి, నాకేం అభ్యంతరం లేదు" అన్నారు. ఏ ఆఫీసుకి వెళ్లమన్నారో రాయను. ఊళ్లోనే ఉంది, పిల్లల చదువులకి సంబంధించిందే.

మొదటి టేబుల్ దగ్గరే "ఏటమ్మా, ఏటి పని?" అన్నారు. చెప్పాను. అర్జీ రాసుకు రమ్మన్నారు. తెలుగులో రాసిస్తే ఇంగ్లిష్‌లో కావాలన్నారు. ఇంగ్లిష్‌లో ఇస్తే సంస్థ లెటర్‌హెడ్ మీద ఉండాలన్నారు. మాది సంస్థ కాదండీ, నలుగురం కలిసి చదువుతున్నాం అంటే, రిజిస్ట్రేషన్ లేకుండా ఎలా అన్నారు. ఒక రోజు సార్ మీటింగు, ఒక రోజు సార్ క్యాంపు. ఆధార్ జిరాక్సు ఇచ్చాను, స్టాంపు పేపరు మీద నోటరీ అఫిడవిట్ కూడా చేయించాను. ఎండలో చెప్పులరిగేలా తిరిగాను.

చివరికి సార్ దొరికారు. కూర్చోమనలేదు. కాగితం చూసి, "చూపు లేనివాళ్లకి చదువుతారా? ఏదీ, చదవండి చూద్దాం" అన్నారు. టేబుల్ మీదున్న ఏదో సర్క్యులర్ నా ముందుకి తోశారు. నేను నిజంగానే పరీక్షిస్తున్నారనుకుని చదవడం మొదలుపెట్టాను. గదిలో ఉన్న నలుగురు స్టాఫూ పని మానేసి చూస్తున్నారు, ఒకాయన నవ్వు ఆపుకుంటున్నాడు. రెండు వాక్యాలయ్యాక సార్ ఫోన్ ఎత్తి మాట్లాడుకుంటూ, ఆపమనకుండా, చేత్తో కానివ్వు కానివ్వు అన్నట్టు సైగ చేశారు. ముప్పై ఏళ్ల పైచిలుకు ఉద్యోగం చేసినదాన్ని. కౌంటరు దగ్గరికొచ్చిన ముసలి పెన్షనర్ని ఒక్కరోజు కూడా నిలబెట్టి మాట్లాడలేదు. ఆ రోజు అక్కడ తల కొట్టేసినట్టయింది.

ఫోన్ పెట్టేశాక ఆయనన్న మాట ఇది: "ఇప్పుడు సెల్‌ఫోన్లే చదివేస్తున్నాయి కదమ్మా, మీరెందుకు?"

ఈ మాట చాలామంది అంటారు కాబట్టి జవాబు రాస్తున్నాను. మన తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు చాలావరకు అను ఫాంట్ల లాంటి పాత ఫాంట్లలో చేసినవి. తెర మీద తెలుగు కనిపిస్తుంది కానీ లోపల దాగున్నది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లిష్ కీబోర్డు గుర్తులు. ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ వాటిని చదివితే అర్థంలేని గోల వినిపిస్తుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే ఉత్త ఫొటోయే, అందులో అక్షరమే ఉండదు. యూనికోడ్‌లో, అంటే లోపల కూడా అసలైన తెలుగు అక్షరాలే ఉండే పద్ధతిలో, ఉన్నది ఫోన్ చదువుతుంది, నిజమే. గుండె బొమ్మ దగ్గర ఏం చదువుతుంది? డిస్లెక్సియా పిల్లల ఇబ్బంది వేరు. ఒత్తులు, గుణింతాలు ఒకదాని మీద ఒకటి పడి కనిపించే పిల్లాడికి మనిషి గొంతులో నిదానంగా వినిపిస్తూ, పుస్తకంలో వేలు పెట్టి వెంట నడవమంటే పాఠం బుర్రకెక్కుతుంది. తెలివి తక్కువై కాదు వాళ్లు చదవలేనిది. బళ్లలో వాళ్లని మొద్దులని తిట్టిన తిట్లు తలుచుకుంటే కడుపు మండుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందిని కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది, ఇప్పటికీ చాలామంది టీచర్లకి ఆ సంగతి తెలీదు.

ఆయనకి ఇదంతా చెప్పబోయాను. "ఎవరైనా యూట్యూబులో పెట్టి డబ్బు చేసుకుంటే బాధ్యత ఎవరిది? రాతపూర్వకంగా ఇవ్వలేం" అని ఫైలు మూసేశారు.

ఆ రాత్రి మా బ్యాంకు తమ్ముడికి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. అతను మొత్తం విని, "అక్కా, వాళ్లు ఇవ్వాల్సిన పర్మిషనే లేదు. చట్టం ఎప్పుడో ఇచ్చేసింది" అన్నాడు. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో సవరణ చేసి, 52వ సెక్షన్ ఒకటో సబ్‌సెక్షన్‌లో జడ్‌బీ అనే క్లాజు చేర్చారు. దాని ప్రకారం, మామూలు పుస్తకం చదవలేని వికలాంగుల కోసం ఏ పుస్తకాన్నయినా వాళ్లకి పనికొచ్చే రూపంలోకి మార్చి ఇవ్వడం కాపీరైట్ ఉల్లంఘన కాదు. ఎవరు మార్చవచ్చు? ఏ వ్యక్తయినా. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే కావాలని లేదు. చదువుకోసం వాళ్లకి పంచవచ్చు కూడా. లాభం చేసుకోకూడదు, ఖర్చు మాత్రం రాబట్టుకోవచ్చు. సంస్థలయితే కాపీలు బజార్లోకి పోకుండా చూసుకోవాలి. అంటే ఆ సార్ అడిగిన యూట్యూబు ప్రశ్నకి కూడా చట్టంలోనే జవాబుంది.

ఇంకా ఉంది. చూపు లేనివాళ్లకి పుస్తకాలు అందాలని 2013 జూన్‌లో మొరాకోలోని మరాకేష్‌లో దేశాలన్నీ కూర్చుని ఒప్పందం రాసుకుంటే, దాన్ని అందరికన్నా ముందు 2014లో ఆమోదించింది మన దేశమే. 2016 సెప్టెంబరు 30 నుంచి అది అమల్లో ఉంది. ప్రపంచానికే దారి చూపించిన దేశంలో, ఒక ఆఫీసులో నన్ను నిలబెట్టి సర్క్యులర్ చదివించారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు.

ఆ క్లాజు ప్రింటు తీసుకుని మళ్లీ వెళ్లాను. పర్మిషన్ కోసం కాదు, వాళ్లకి తెలియాలని. సార్ పైపైన చూసి, "ఇది సెంట్రల్ యాక్ట్ కదా, మాకు జీవో రావాలి" అన్నారు. పార్లమెంటు చేసిన చట్టం విశాఖపట్నంలో వర్తించడానికి జీవో ఎందుకని అడిగాను. ఈసారి నేనే కుర్చీ లాక్కుని కూర్చుని అడిగాను. జవాబు చెప్పలేదు. ప్రింటు అక్కడే వదిలి నమస్కారం పెట్టి వచ్చేశాను.

అక్కణ్నించి నేరుగా హెడ్మాస్టారి దగ్గరికెళ్లి అదే కాగితం ఇంకో కాపీ ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని పూర్తిగా చదివి, స్టాంపు వేయించి ఫైల్లో పెట్టుకున్నారు. "ఇది చాలమ్మా నాకు" అన్నారు. ఆ బడి పిల్లల్ని చూసే భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) టీచరమ్మ మిగతాదంతా చూసుకుంది. ఏ పిల్లకి ఫోన్ ఉంది, ఎవరికి మెమరీ కార్డు కావాలి, అన్నీ రాసుకుంది. అలాంటి మనిషి ఒకరుంటే ఏ ఆఫీసూ అక్కర్లేదు.

మీరు మొదలుపెట్టేటట్టయితే, ముందు ఆ పుస్తకం సుగమ్య పుస్తకాలయలో ఉందేమో చూడండి. 2016లో మొదలైన ఆన్‌లైన్ లైబ్రరీ అది, చూపు లేనివాళ్లు చదువుకోగలిగే రూపంలో పుస్తకాలుంటాయి. ఉన్నదాన్నే మళ్లీ చదవడం దండగ. ఫైళ్లకి పేరు పెట్టేటప్పుడు 01, 02 అని మొదలుపెట్టండి, లేకపోతే ఫోన్‌లో పదో పాఠం రెండో పాఠం కన్నా ముందొచ్చి కూర్చుంటుంది. నిదానంగా, స్పష్టంగా చదవండి. పిల్లలు అలవాటయ్యాక స్పీడు రెట్టింపు పెట్టుకుని వింటారు, స్పష్టత లేకపోతే అప్పుడు ఒక్క ముక్కా అర్థం కాదు. ఇల్లు ఊడ్చినంత సులువు, ఎవరైనా చేసేస్తారు అనేవాళ్ల మాట నమ్మకండి. అలా అన్నవాళ్లు మా గుంపులో రెండో పాఠం దాటలేదు.

ఈ పని కొత్తదేమీ కాదు. 1948లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో, రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కాలేజీ చదువుల కోసం యాన్ మెక్‌డొనాల్డ్ అనే ఆమె, తోటి ఆడవాళ్లూ పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేశారు. అలా మొదలైన సంస్థే ఇప్పుడు లెర్నింగ్ ఆలై పేరుతో డిస్లెక్సియా పిల్లలకి కూడా పుస్తకాలిస్తోంది. రిటైరై ఇంట్లో కూర్చున్న ఆడవాళ్లకి ఇంతకన్నా మంచి పని నాకు కనపడలేదు. టీవీ సీరియల్ పెట్టే టైములో రోజుకి నాలుగు పేజీలు చదవొచ్చు.

ఇవాళ పొద్దున్న సాంఘికశాస్త్రం మొదలుపెట్టాను. భారతదేశ నైసర్గిక స్వరూపం మ్యాపు దగ్గర ఆగాను. తూర్పు కనుమలు మన ఊరి పక్కనే కాబట్టి సింహాచలం, కైలాసగిరి కొండల పేర్లు చెప్పి మొదలుపెడదామనుకుంటున్నాను, దక్కను పీఠభూమి దగ్గర మాత్రం దారి దొరకడం లేదు. జాగ్రఫీ టీచర్లెవరైనా ఇది చదివితే, మ్యాపుని మాటల్లో ఎలా చెప్తారో కొంచెం నాకు చెప్పండి.