దయ్యాన్ని తీసెయ్యమన్నారు, తియ్యలేదు: నా అనుభవం

టీనేజ్ పిల్లల కోసం తెలుగులో దయ్యాల నవల రాసి అచ్చేయించుకున్నాను. మొన్న డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో పెట్టిన కాపీలన్నీ అయిపోయాయి, అప్పట్నుంచీ ఎలా మొదలుపెట్టాలి ఎవరికి పంపాలి అని మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి, అందరికీ విడివిడిగా చెప్పే టైమ్ లేక ఒకేచోట రాసేస్తున్నా.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. అమ్మమ్మ చెప్పే కథల్లో కొరివి దయ్యాలు పొలం గట్ల మీద మంటలు పట్టుకుని తిరిగేవి, చింతచెట్టు మీదున్నవాటికి పాదాలు వెనక్కి తిరిగి ఉండేవి. "ఓ స్త్రీ రేపు రా" అని తలుపుల మీద రాసుకున్న రాష్ట్రం మనది. ఇంత సరుకు ఇంట్లో పెట్టుకుని, పాడుబడ్డ బంగళా, గోడ గడియారం, శిలువ, ఏదో లాటిన్ మంత్రం, ఇవన్నీ ఎక్కడినుంచో తెచ్చి ఎందుకు రాస్తారో నాకు అర్థం కాదు.

అయితే చింతచెట్టు ఒక్కటే పెడితే ఇప్పటి పిల్లలు భయపడరు. మొదట రాసిన రెండు చాప్టర్లు మా అక్క కూతురికి ఇచ్చా, తొమ్మిదో క్లాసు. చదివి, "బావుంది పిన్నీ, కానీ ఇది మీ భయం, మాది కాదు" అంది. మరి నీకేం భయమే అంటే కాసేపు ఆలోచించి, "క్లాసులో నా పేరు పిలిచినప్పుడు నేను లేకపోయినా నా గొంతుతో ఎవరో పలికితే" అంది. నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే అమ్మమ్మ మాకు నేర్పిన మొదటి జాగ్రత్తే అది, రాత్రిపూట బయటినుంచి పేరు పెట్టి ఒక్కసారి పిలిస్తే పలకొద్దు, మూడోసారి పిలిస్తేనే మనిషి. నేను ఇంటర్ బైపీసీ చదివింది విజయవాడ శివార్లలో హాస్టల్‌లో ఉండి, అక్కడ రాత్రి స్టడీ అవర్ అయ్యాక రోల్‌కాల్‌లో పేరు ఒక్కసారే పిలుస్తారు, పలక్కపోతే ఇంటికి ఫోన్. అమ్మమ్మ మాట వింటే వార్డెన్ ఊరుకోదు, వార్డెన్ మాట వింటే పిలిచింది ఎవరో తెలీదు. నవల మొత్తం ఈ ఇరుకులోంచి వచ్చింది. కరెంటు పోయిన రాత్రి రోల్‌కాల్ అవుతుంది, యాభై రెండు మంది పిల్లలు, యాభై మూడు "ప్రెజెంట్ మేడమ్"లు. వార్డెన్ టార్చ్ వేసి మళ్ళీ లెక్కపెడుతుంది, తలలు యాభై రెండే.

రాయడం సాఫీగానే సాగింది. పొద్దున్నే ఆఫీసుకి ముందు రాసేదాన్ని. కొన్ని భాగాలు ఆన్‌లైన్‌లో కథలు పెట్టుకునే ప్రతిలిపిలో పెట్టా, చదివినవాళ్ళు తర్వాతి భాగం ఎప్పుడని అడిగేవాళ్ళు, అది బలం ఇచ్చింది.

అసలు కథ పబ్లిషర్ దగ్గర మొదలైంది. పేరు చెప్పను. పెద్దాయన, పిల్లల పుస్తకాలు చాలా వేశారు, తెలిసినవాళ్ళు మాట సాయం చేస్తే ప్రింటవుట్ పంపా, నెలలు గడిచాక రమ్మన్నారు. వెళ్తే రిసెప్షన్‌లో కూర్చోబెట్టారు, లంచ్ అయింది, టీ కూడా అయింది, చివరికి లోపలికి పిలిచారు. ఆయన ఎదురుగా ఇంకో ముగ్గురు కూర్చుని ఉన్నారు, ఎవరో రచయితలట, పరిచయం చెయ్యలేదు. నాకు కుర్చీ చూపించకుండానే నా కాగితాలు తీసి, రోల్‌కాల్ సీన్ పైకి చదవడం మొదలుపెట్టారు. మామూలుగా కాదు, గొంతు వణికిస్తూ, పిల్లలు "ప్రెజెంట్ మేడమ్" అన్న ప్రతిచోటా సన్నగొంతు పెట్టి, మధ్యమధ్యలో ఆ ముగ్గురి వైపు చూస్తూ. వాళ్ళు నవ్వుతున్నారు. నేను బ్యాగ్ పట్టుకుని నిలబడే ఉన్నా. ఆ పేజీలో కాగితం మూల ఆయన టీ కప్పు పెట్టిన గుండ్రటి మరక ఉంది, నా చూపంతా దానిమీదే, తలెత్తితే ఏడుపొచ్చేస్తుందని.

చదవడం అయ్యాక, "చూడమ్మా, భాష బావుంది. కానీ చివర్లో దయ్యం లేదని తేల్చాలి. ఎవరో ఆకతాయి పిల్ల గొంతు మార్చి పలికిందని పెట్టు, వార్డెన్ చేత మూఢనమ్మకాల మీద నాలుగు మాటలు చెప్పించు, లైబ్రరీలకి కూడా వెళ్తుంది" అన్నారు. నేను, "సార్, గొంతు ఎవరిదో తేలిపోతే అది దొంగని పట్టుకున్న కథ అవుతుంది, నేను రాసింది అది కాదు" అన్నా. "పిల్లల్ని పాడుచేస్తావా?" అన్నారు, ఈసారి నవ్వకుండా.

ఈ మాటకి ఆరోజు సరిగ్గా జవాబు చెప్పనివ్వలేదు, ఇక్కడ చెప్తా. మూఢనమ్మకం ఎక్కడుందో నాకూ తెలుసు. చేతబడి చేశారన్న అనుమానంతో మన రెండు రాష్ట్రాల్లోనూ మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ వస్తున్నాయి, చచ్చేది ఎక్కువగా దిక్కులేని ముసలివాళ్ళు, పేదవాళ్ళు. అందుకే నా కథల్లో మంత్రగత్తె ఉండదు, బాణామతి చేసిన పక్కింటావిడ ఉండదు. బతికున్న మనిషి మీద వేలు చూపించే కథ నేను రాయను. దయ్యం కథ చదివి పిల్ల రాత్రి దుప్పటి ముసుగేసుకుంటే ఎవరికీ నష్టం లేదు, ఫలానా ముసలమ్మ మంచిది కాదు అని నమ్మితే ప్రాణం పోతుంది. ఈ తేడా తెలియనివాళ్ళు నాకు నీతులు చెప్పడమేంటి? చందమామలో బేతాళుడు శవంలో దూరి విక్రమార్కుడి భుజం మీంచి మాట్లాడుతుంటే తరాల తరబడి పిల్లలు చదివారు, ఎవరు పాడయ్యారు?

కాగితాలు వెనక్కి అడిగితే "ఉంచమ్మా, చూద్దాం" అన్నారు. ఉంచలేదు. టీ మరకతో సహా తెచ్చేసుకున్నా.

ఇక సొంతంగా వేసుకోవడమే అనుకున్నా. ఐఎస్‌బీఎన్‌కి (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) ఒక ఏజెంట్ మూడు వేలు అడిగాడు, ఇవ్వకండి. అది ఉచితం, ఢిల్లీలో రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఇస్తుంది, ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవచ్చు, రచయితలు సొంత పేరుతోనే తీసుకోవచ్చు. కవర్ బొమ్మ తెలిసినమ్మాయి వేసింది, ఇబ్బంది లేదు.

పేజీలు కంప్యూటర్‌లో అమర్చే డీటీపీ దగ్గర మాత్రం జాగ్రత్త. నేను ఫోన్లలోనూ వెబ్‌సైట్లలోనూ వాడే యూనికోడ్‌లో టైప్ చేశా, డీటీపీ అతను ఇంకా పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో "అను" ఫాంట్ల (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) మీదే ఉన్నాడు, మార్చేటప్పటికి కింద రెండు వత్తులున్న అక్షరాలన్నీ చెదిరిపోయాయి. "స్త్రీ" ఉన్నచోటల్లా గుర్తుపట్టలేని ముక్కలు. అడిగితే "మేడమ్, ఎవరూ అంత పట్టించుకోరు" అన్నాడు. ఎందుకు పట్టించుకోరు? భయపెట్టే వాక్యంలో ఒక్క అచ్చుతప్పు పడితే చదివే పిల్ల అక్కడ ఆగుతుంది, ఆగిందంటే భయం పోయినట్టే. ఇన్‌డిజైన్‌లో నేరుగా యూనికోడ్‌తో చేసేవాళ్ళని వెతికి మళ్ళీ చేయించా. డబ్బులు కాస్త ఎక్కువైనా అలాంటివాళ్ళ దగ్గరికే వెళ్ళండి, ప్రూఫ్ కాగితం మీద తీసుకుని పైకి చదువుతూ దిద్దండి. పుస్తకం వచ్చాక 1954 నాటి డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం ప్రకారం కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ఒక కాపీ పంపాలి, చట్టంలో ఉన్న మిగతా లైబ్రరీలకి కూడా. చాలామంది పంపరు, నేను పంపా.

బుక్ ఫెయిర్‌లో స్నేహితుల స్టాల్‌లో ఒక మూల ఇచ్చారు. టీనేజ్ పిల్లలు తెలుగు చదవరు అని అందరూ ఒకటే పాట. స్కూల్ యూనిఫామ్‌లో వచ్చిన ఒకమ్మాయి నిలబడే మొదటి చాప్టర్ మొత్తం చదివేసింది, వాళ్ళ నాన్న పిలుస్తుంటే పలకలేదు, ఆయన మళ్ళీ మళ్ళీ పిలిచి విసుక్కుంటే అప్పుడు "వస్తున్నా డాడీ, మూడుసార్లు పిలిచావా లేదా అని చూస్తున్నా" అంది. ఆ పిల్ల కొనుక్కున్న కాపీ మీద సంతకం పెట్టేటప్పుడు నా చెయ్యి ఆగలేదు, పేజీ నిండా రాశా.

పోయిన వారం ఆ పబ్లిషర్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. రెండో ముద్రణ మేమే వేస్తాం, రాయల్టీ ఇస్తాం, లైబ్రరీ ఆర్డర్ల కోసం చివరి చాప్టర్ మాత్రం కొంచెం మార్చండి అని. రెండో ముద్రణ అప్పటికే ప్రెస్‌లో ఉందండీ, చివరి చాప్టర్ అలాగే ఉంది అని చెప్పి పెట్టేశా.