మా చేను ఎంత కాగిందో ఉపగ్రహంతో కొలిచాను

మా ఊరు అమలాపురానికి దిగువన, సముద్రం వైపు. నా చిన్నప్పుడు వరిచేలుగా ఉన్నవాటిలో సగానికి పైగా ఇప్పుడు రొయ్యల చెరువులే. "చెరువులొచ్చాక ఊరు ఉడికిపోతోందమ్మా" అని నాన్న ప్రతి వేసవిలోనూ అంటారు. ఆ మాట నిజమో కాదో తేల్చుకుందామనే నేలను ఫొటోలు తీసే అమెరికా ఉపగ్రహాలు లాండ్‌శాట్‌ల చిత్రాలు ముందేసుకుని కూర్చున్నాను.

లాండ్‌శాట్ 8ని 2013లో, 9ని 2021లో పంపారు. ఒక్కోటి 16 రోజులకోసారి వస్తుంది, రెండూ కలిపితే 8 రోజులకోసారి మన నెత్తి మీద ఉంటాయి. చిత్రాలు ఉచితం. ముందు నేల నుంచి వచ్చే వేడిని నమోదు చేసే ముడి థర్మల్ బ్యాండ్‌తో మొదలుపెట్టాను కానీ, గాలిలోని తేమనూ, ఏ నేల ఎంత వేడిని వెదజల్లుతుందనే ఎమిసివిటీనీ సరిచూడకపోతే ఆ అంకె అసలు ఉష్ణోగ్రత కాదు. ఆ లెక్కలన్నీ చేసిపెట్టిన లెవెల్ 2 చిత్రాలు ఉన్నాయి, వాటినే తీసుకున్నాను. చిత్రంలో ఒక్కో గడిలో (పిక్సెల్‌లో) ఉన్న అంకెను 0.00341802తో హెచ్చించి 149 కలిపితే కెల్విన్, అందులోంచి 273.15 తీసేస్తే సెల్సియస్.

మొదటిరోజు కనిష్ఠం మైనస్ 124.15 వచ్చింది. కోనసీమలో! పూట పట్టింది కారణం దొరకడానికి. చిత్రం అంచుల్లో డేటా లేని గడుల్లో సున్నా ఉంటుంది. సున్నాకీ 149 కలిపేసరికి అలా అయింది. ఆ తర్వాత మబ్బులు. ఉదయం పదింటికే మా సముద్రం వైపు దూదిపింజల్లాంటివి లేస్తాయి, వాటి పైభాగం చల్లన. కింద ఊరు మండుతున్నా పటంలో చల్లగా కనిపిస్తుంది. ఏ గడిలో మబ్బుందో చెప్పే నాణ్యత బ్యాండ్‌తో మబ్బునూ దాని నీడనూ తీసేశాక కూడా అంచులు మిగిలాయి. అవి కంటితో చూసి వదిలేశాను.

అసలు తప్పు వేరే చోట జరిగింది. 2014 ఏప్రిల్ మొదట్లో ఒక చిత్రం, 2023 మే నెలలో ఒకటి తీసి, ఒకదాన్లోంచి ఇంకొకటి తీసేశాను. చేల మీద తేడా పది డిగ్రీలు దాటింది. సంబరంగా నాన్నకి చూపించాను. ఆయన పటం చూడలేదు, తారీఖులు అడిగారు.

"ఏప్రిల్ మొదట్లో దాళ్వా వరి ఇంకా చేలోనే ఉంటుంది కదమ్మా. రెండోది కోతలైపోయి, కాలవల్లో నీళ్లు కట్టేశాక తీసింది."

నేను కొలిచింది తొమ్మిదేళ్ల మార్పు కాదు, కోత. నీళ్లున్న పచ్చని చేను ఆ నీటిని ఆవిరి చేయడానికే ఎండలో చాలా భాగం ఖర్చుపెడుతుంది. కోసేశాక ఎండిన మట్టికి ఆ దారి లేదు, కాగడమే. అన్నీ పక్కన పెట్టి, కాలవలు కట్టేశాక తీసిన చిత్రాలే, పచ్చదనాన్ని కొలిచే ఎన్‌డివిఐ సూచికలో చేల పచ్చదనం ఒక్కలా ఉన్నవే ఏరుకున్నాను.

ఈసారి వచ్చిన వరస ఇది: గోదావరి, చెరువులు అన్నిటికంటే చల్లన, తర్వాత కొబ్బరితోటలు, ఆపైన డాబాలూ రోడ్లూ. అన్నిటికంటే వేడి కోసిన చేలు. నమ్మకం కలక్క, ఉపగ్రహం వచ్చే వేళకి, ఉదయం పది ఇరవై ప్రాంతంలో, గన్‌లా గురిపెట్టే థర్మామీటర్ పట్టుకుని చేలోకి వెళ్లాను, నాన్న గొడుగు పట్టారు. బీటలిచ్చిన మట్టి మీద 48. నాలుగడుగుల అవతల, కొబ్బరి నీడలో 31. అయితే ఉపగ్రహానికి ఆ నీడ కనిపించదు, పైనున్న మట్టలే కనిపిస్తాయి. పైగా మనకిచ్చే గడి 30 మీటర్లది, అంటే ఓ 22 సెంట్లు. కానీ ఆ థర్మల్ సెన్సర్ నిజంగా చూసేది 100 మీటర్ల గడి, దాదాపు రెండున్నర ఎకరాలు. మా అరవై సెంట్ల చేను పక్కవాళ్ల చెరువుతో కలిసిపోయే ఉంటుంది.

"అయితే చెరువులు చల్లనే నాన్నా" అన్నాను.

"పగటి సంగతి ఎవరడిగారమ్మా? నేననేది రాత్రుళ్లు. అరుగు మీద నిద్ర పడుతోందా?"

పదేళ్లుగా ఆ మాట వింటున్నాను, ఏ పూట అని ఒక్కసారీ అడగలేదు. నీరు మెల్లగా వేడెక్కుతుంది, మెల్లగానే చల్లారుతుంది. ఉదయం పదింటి చిత్రంలో చల్లగా ఉందంటే రాత్రీ అలాగే ఉంటుందని కాదు. రాత్రి కోసం మోడిస్ అనే ఇంకో ఉపగ్రహ సెన్సర్ చిత్రం చూశాను, 2018 మే నెలది, అర్ధరాత్రి దాటాక తీసినది. అందులో వరస తిరగబడింది. చెరువుల వైపు గడులు చేల గడులకంటే వేడిగా ఉన్నాయి. కానీ మోడిస్ గడి కిలోమీటరు. మా ఊళ్లో అంత మేర చెరువు, తోట, కాలవ అన్నీ ఒక్కటే అంకె అయిపోతాయి. పైగా ఇది ఉపరితలం వేడి, గాలిలో ఉక్కపోత ఎంతో ఇందులో రాదు.

అందుకే ఈ వేసవిలో తేమ కూడా చూపించే థర్మామీటర్లు రెండు కొన్నాం. ఒకటి అరుగు మీద, ఒకటి చెరువు గట్టున. రాత్రి పదింటికీ తెల్లారి నాలుగింటికీ అంకెలు నాన్నే పద్దుల పుస్తకంలో వెనకనుంచి రాసుకొస్తున్నారు.